మిరప ఎరుపు ఎంత?

గుంటూరు మిర్చి యార్డులో సరుకు కొనేవాళ్ల పనితనం చూడవలసిందే. టిక్కీ అనే మిర్చి బస్తా మూతి విప్పి చెయ్యి లోపలికంటా పోనిస్తారు. గుప్పెడు కాయలు బయటికి తీసి, ఒకటి విరిచి తొక్క మందం చూస్తారు. ఆడిస్తే వచ్చే చప్పుడును బట్టి ఎండిందో లేదో చెబుతారు. తాలు ఎంత కలిసిందో చూపుతోనే లెక్కగడతారు. రంగు కోసం కాయల్ని వెలుతురు వైపు తిప్పుతారు. అక్కడ రంగు కొలిచే యంత్రం మనిషి కన్నే. పక్కపక్కన పెట్టిన రెండు కాయల్లో ఏది ఎక్కువ ఎరుపో చెప్పడంలో అది మహా గట్టిది. దాని బలహీనత అల్లా జ్ఞాపకం. నిన్నటి ఎరుపునూ ఇవాళ్టి ఎరుపునూ పోల్చమంటే తడబడుతుంది. ఇక్కడ చూసిన ఎరుపును సముద్రం అవతల ఉన్న మనిషికి చెప్పమంటే దానివల్ల కాదు.

అందుకే సరుకు ఓడ ఎక్కే ముందు ఒక అంకె అడుగుతారు. "కలర్ వాల్యూ ఎంత?" అని. ఆ అంకె మీద ధర ఉంటుంది, ఒప్పందం ఉంటుంది, ఒక్కోసారి సరుకు వెనక్కి రావడమూ ఉంటుంది.

ఇప్పుడు ఒక తగువు ఊహించండి. ఒకే కారం పొడిని రెండు పొట్లాలు కట్టి రెండు ప్రయోగశాలలకు పంపారు. ఒకచోట 86 వచ్చింది. ఇంకోచోట 91కి కాస్త తక్కువ వచ్చింది. ఒప్పందంలో 88కి తగ్గకూడదని ఉంది. కొన్నాయన మొదటి కాగితం పట్టుకుంటాడు, అమ్మినాయన రెండోది పట్టుకుంటాడు. పొడి ఒకటే, పద్ధతి ఒకటే, మారింది యంత్రం ఒక్కటే. మరి ఎవరి యంత్రం మాట చెల్లాలి? ఒక యంత్రం చెప్పిన రంగును ఇంకో యంత్రం చెప్పిన రంగుతో పోల్చదగినట్టు చేయడం ఎలా? ఇవాళ్టి ప్రసంగం దాని గురించే.

ముందు ఆ అంకె ఎలా పుడుతుందో చూద్దాం. మిరప రంగుకు ప్రపంచమంతా వాడే కొలతను ఆస్టా యూనిట్లు అంటారు. ఆస్టా అంటే అమెరికాలోని సుగంధ ద్రవ్యాల వర్తకుల సంఘం. 1907లో ఏర్పడింది. మిరపకాయ ఎరుపుకు మూలం కాప్సాంథిన్, కాప్సోరుబిన్ అనే వర్ణద్రవ్యాలు. నోరు మండించే కాప్సైసిన్ వేరే పదార్థం, దానికి రంగే లేదు. అందుకే కర్ణాటక బ్యాడిగి కాయ చూడటానికి నిప్పులా ఉన్నా తింటే అంత కారం ఉండదు. దాని ఆస్టా విలువ వంద దాటడం మామూలే. మన గుంటూరు సన్నానికి ఆ విలువ బాగా తక్కువ, దాని పేరంతా కారంలోనే ఉంది.

ప్రయోగశాలలో 70 నుంచి 100 మిల్లీగ్రాముల కారం పొడిని కచ్చితంగా తూచి, 100 మిల్లీలీటర్ల గాజు కుప్పెలో వేసి, గీత దాకా ఎసిటోన్ పోస్తారు. మూత బిగించి 16 గంటలు చీకట్లో ఉంచుతారు. ఈలోగా పొడిలోని రంగంతా ఎసిటోన్‌లోకి దిగుతుంది. పైన తేరిన ద్రావణాన్ని స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెడతారు. ఈ యంత్రం దీపం వెలుగును రంగులుగా విడదీసి, అందులోంచి ఒక్క సన్నని పట్టీని ఎంచుకుని ద్రావణం గుండా పంపిస్తుంది. అవతలి వైపుకు ఎంత వెలుగు చేరిందో చూస్తుంది. మిరప రంగుకు ఎంచుకున్న పట్టీ 460 నానోమీటర్లు. అది నీలి వెలుగు. ఎరుపును కొలవడానికి నీలమేమిటి అంటారా? ఎర్రటి వస్తువు ఎర్రగా కనిపించేది నీలాన్ని, పచ్చను మింగేసి ఎరుపును మనకు వదులుతుంది కాబట్టి. నీలాన్ని ఎంత మింగితే రంగు అంత గాఢం. అలా మింగిన లెక్కను శోషణ అంటారు. దాన్ని 16.4తో గుణించి, తూచిన పొడి బరువును గ్రాముల్లోకి మార్చి దానితో భాగిస్తే ఆస్టా విలువ వస్తుంది.

సూత్రం ఇంతే అయితే తగువు తీరదు. ఏ రెండు యంత్రాలూ ఒకే ద్రావణానికి సరిగ్గా ఒకే శోషణ చూపవు. ఒకదాని దీపం పాతబడి ఉంటుంది. ఇంకోదాని లోపల అద్దాల మీద దుమ్ము చేరి, రాకూడని వెలుగు కొంచెం పక్కదారిన చొరబడుతుంది. అందుకే ఆ సూత్రంలో ఇంకో గుణకం పెట్టారు. దాని పేరు యంత్ర సవరణ గుణకం. ఈ మొత్తం కథకు ఆయువుపట్టు అదే.

దాన్ని కట్టే పద్ధతి సులువు. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ నిస్ట్ ఒక బూడిద రంగు గాజు ఫిల్టర్ తయారుచేసి, 465 నానోమీటర్ల దగ్గర దాని శోషణ ఇంత అని ధ్రువీకరించి ఇచ్చింది. అలాంటి గాజు ముక్కను మీ యంత్రంలో పెట్టి చూడండి. ధ్రువపత్రంలో ఉన్న విలువను మీ యంత్రం చూపిన విలువతో భాగించండి. వచ్చిందే గుణకం. సంతలో తూకం రాయి మీద ప్రభుత్వ ముద్ర ఎలాంటిదో, రంగు కొలతలో ఈ గాజు ముక్క అలాంటిది. గాజు ఫిల్టర్లకు ముందు పొటాషియం డైక్రోమేట్, కోబాల్ట్ అమోనియం సల్ఫేట్ కలిపిన రంగు ద్రావణంతో ఇదే పని చేసేవారు.

ఇప్పుడు మన తగువుకు వద్దాం. రెండుచోట్లా 80 మిల్లీగ్రాముల పొడే తూచారనుకోండి. గాజు ముక్క అసలు విలువ 0.500 అనుకోండి. మొదటి ప్రయోగశాల యంత్రం దాన్ని 0.485 అని చదివింది. అంటే తక్కువ చెప్పే అలవాటుంది. దాని గుణకం 1.031. రెండో యంత్రం 0.510 అని చదివింది. అది ఎక్కువ చెబుతోంది. దాని గుణకం 0.980. మొదటివారికి వచ్చిన 86.1ని వాళ్ల గుణకంతో గుణించండి. రెండోవారికి వచ్చిన 90.6ని వాళ్ల గుణకంతో గుణించండి. రెండూ 88.8 దగ్గరికి వచ్చి కలుస్తాయి. సరుకు ఒప్పందంలో నిలిచింది. ఇద్దరి కాగితాల్లోనూ అబద్ధం లేదు. గుణకం వేయకుండా అంకె రాసి ఇవ్వడమే తప్పు.

అయితే బూడిద గాజు అన్ని జబ్బులనూ పట్టదు. అది దాదాపు అన్ని రంగుల వెలుగునూ ఒకే తీరున మింగుతుంది. కాబట్టి యంత్రం 460 అనుకుంటూ నిజానికి 463 దగ్గర కొలుస్తున్నా గాజు ముక్కకు తేడా తెలియదు. మిరప ద్రావణానికి మాత్రం తెలుస్తుంది, దాని శోషణ తరంగదైర్ఘ్యంతో పాటు మారుతుంది గనక. ఆ తప్పు పట్టడానికి వేరే గాజు ఉంది. హోల్మియం ఆక్సైడ్ కలిపిన గాజు. దానిలో వెలుగు కొన్ని నిర్ణీత స్థానాల్లో సూది గుచ్చినంత సన్నని గీతలుగా కరిగిపోతుంది. ఆ గీతలు ఎక్కడ పడాలో ముందే తెలుసు. యంత్రం వాటిని ఇంకోచోట చూపిస్తే దాని లెక్క పక్కకు జరిగిందని అర్థం. ఒక తప్పుకు ఒక సాక్షి చొప్పున కావాలి.

యంత్రం నిక్కచ్చిగా ఉన్నా పొడే మోసం చేయవచ్చు. టిక్కీ పైనుంచి తీసిన నమూనా వేరు, అడుగునుంచి తీసింది వేరు. వెలుతురులో, వేడిలో ఉంచిన కారం రంగు రోజురోజుకీ తగ్గుతుంది. మిరపను కోల్డ్ స్టోరేజీలో పెట్టేది ధర కోసమే కాదు, రంగు కోసం కూడా. రెండు ప్రయోగశాలల్లో కొలత మధ్య నెల గడిస్తే, ఆ తేడాను ఏ గుణకమూ పూడ్చలేదు.

ఇంతవరకు ద్రావణం సంగతి. బట్ట, పెయింటు, కాగితం, కారం పొడి పైకి కనిపించే రంగు, వీటిని కొలవాలంటే వాటి గుండా వెలుగును పంపడం కుదరదు. మీద పడేసి, తిరిగి వచ్చిన దాన్ని కొలవాలి. ఇక్కడ చిక్కులు రెట్టింపు అవుతాయి.

చీరకు జాకెట్టు గుడ్డ కొనడానికి మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్లిన ఆడవాళ్లందరికీ ఇందులో మొదటి చిక్కు తెలుసు. కొట్టులో ట్యూబ్‌లైట్ కింద రెండూ ఒకటే. గుమ్మం దాటి ఎండలోకి తెస్తే రెండు వేరు. కొట్టు మనిషే "బయటికి తీసుకెళ్లి చూడండమ్మా" అంటాడు. రెండు గుడ్డలకు వేర్వేరు అద్దకాలు వాడినప్పుడు ఇలా జరుగుతుంది. కాబట్టి రంగు ఎంత అని అడిగే ముందు ఏ వెలుగులో అని చెప్పాలి. అంతర్జాతీయ ప్రకాశ సంఘం, సీఐఈ, దీనికి ప్రామాణిక వెలుగులు నిర్వచించింది. ఫిలమెంటు బల్బు వెలుగుకు ప్రతినిధి ఏ, పగటి వెలుగుకు ప్రతినిధి డీ 65. అచ్చురంగంలో వాడేది డీ 50.

రెండో చిక్కు, ఎవరి కన్ను? వెలుగును అంకెలుగా మార్చడానికి ఒక ప్రామాణిక కన్ను కావాలి. 1920ల చివర్లో ఇంగ్లండులో డేవిడ్ రైట్ పదిమందితో, జాన్ గిల్డ్ ఏడుగురితో ఒక ప్రయోగం చేశారు. ప్రతి రంగుకూ సరితూగడానికి మూడు మూల వెలుగుల్ని ఎంతెంత కలపాలో వాళ్ల చేత కలిపించి రాసుకున్నారు. ఆ 17 మంది చూపుల సగటే 1931లో సీఐఈ ప్రకటించిన ప్రామాణిక పరిశీలకుడు. చూపులో రెండు డిగ్రీల మేర చిన్న మచ్చకు అది సరిపోతుంది. బట్టలాంటి పెద్ద వైశాల్యానికి 1964లో పది డిగ్రీల పరిశీలకుణ్ణి చేర్చారు. ఈనాడు ప్రపంచంలో ఏ రంగు యంత్రం లెక్కలోనైనా ఉండేది ఈ రెండు కళ్లలో ఒకటి. ఒకరు రెండు డిగ్రీలతో, ఇంకొకరు పది డిగ్రీలతో లెక్కగట్టి అంకెలు పోల్చుకుంటే, యంత్రాలు రెండూ మచ్చలేనివైనా అంకెలు కలవవు.

మూడోది, వెలుగును ఏ వైపునుంచి వేసి ఏ వైపునుంచి చూస్తున్నాం? కొన్ని యంత్రాలు 45 డిగ్రీల వాలుగా వెలుగు వేసి నిటారుగా చూస్తాయి. మెరుపు వాటికి అందదు, మనం పత్రికను చేతిలో పట్టుకుని మెరుపు తప్పించి చూసినట్టే. మరికొన్నింటిలో తెల్లటి గుల్ల గోళం ఉంటుంది. వెలుగు అన్ని వైపులనుంచీ పడుతుంది, మెరుపును కలుపుకోవచ్చు, తీసేయవచ్చు. నున్నటి ఎనామిల్ పెయింటు మీదనుంచి అద్దంలో లాగా తిన్నగా తిరిగొచ్చే వెలుగు సుమారు 4 శాతం. తెల్ల పెయింటుకు 4 శాతం లెక్కలోకి రాదు. నల్ల పెయింటుకు అదే సర్వస్వం. మెరుపు కలిపిన యంత్రం దాన్ని బూడిద వైపు లాగుతుంది, కలపనిది కారు నలుపు అంటుంది.

ఇక్కడ ఆగి ఒక మాట తేల్చుకోవాలి. యంత్రాల మధ్య తేడాలు రెండు జాతులు. ఒకటి, రెండు యంత్రాలూ ఒకే ప్రశ్నకు జవాబు చెబుతున్నాయి, ఒకటి కొంచెం తప్పు చెబుతోంది. దీన్ని సవరించవచ్చు, మిరప గుణకం చేసిన పని అదే. రెండోది, రెండు యంత్రాలూ రెండు వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నాయి. ఒకటి మెరుపుతో, ఇంకోటి మెరుపు లేకుండా. ఒకటి పగటి వెలుగులో, ఇంకోటి బల్బు కింద. వీటిని సవరణలతో కలపబోతే పని చెడుతుంది. ముందే కూర్చుని ప్రశ్న ఏమిటో ఒప్పుకోవడమే దారి. రంగు కొలతల్లో జరిగే గొడవల్లో చాలా వాటికి కారణం, రెండో జాతి తేడాను మొదటి జాతి అనుకోవడం.

మొదటి జాతి తేడాలను పట్టడానికి ఉపరితలాల రంగులో గాజు ఫిల్టర్‌కు బదులు పింగాణీ పలకలు వాడతారు. వీటిలో పేరున్నవి బ్రిటన్‌లో పింగాణీ పరిశ్రమ పరిశోధన సంస్థ తయారుచేసిన 12 పలకల జత. బూడిద రంగు ఛాయలు, గులాబీ, ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం వంటివి అందులో ఉంటాయి. గీతలు పడవు, వెలిసిపోవు, కడిగి తుడిస్తే మళ్లీ కొత్తవే. ఇన్ని రంగులెందుకంటే, ఒక్కో పలక ఒక్కో తప్పును బయటపెడుతుంది. లేత బూడిద పలక యంత్రం స్కేలు పెరిగిందా తగ్గిందా చెబుతుంది. బాగా ముదురు పలక సున్నా సరిగ్గా ఉందా, దొంగ వెలుగు చొరబడుతోందా చెబుతుంది. ఎరుపు, నారింజ, పసుపు పలకలు ఒక తరంగదైర్ఘ్యం వరకు వెలుగును మింగుతూ వచ్చి హఠాత్తుగా నిటారుగా వదలడం మొదలుపెడతాయి. ఆ ఏటవాలులో యంత్రం ఒక నానోమీటర్ జరిగినా అంకె ఎగిరిపడుతుంది.

ఈ లక్షణాన్ని పట్టుకుని అమెరికాలో రోయ్ బెర్న్స్, పీటర్సన్ 1988లో ఒక గణిత పద్ధతి ప్రచురించారు. పలకలన్నిటినీ రెండు యంత్రాల మీదా కొలవాలి. ప్రతి తరంగదైర్ఘ్యం దగ్గరా వచ్చిన తేడాలో సున్నా తప్పు వాటా ఎంత, స్కేలు తప్పు వాటా ఎంత, తరంగదైర్ఘ్యం జరగడం వాటా ఎంత అని విడగొట్టాలి. ఆ వాటాలు తెలిస్తే ఇకముందు ఆ యంత్రం ఏది కొలిచినా రెండో యంత్రం భాషలోకి మార్చుకోవచ్చు. నాలుగు ఊళ్లలో అద్దకం యూనిట్లు ఉన్న కంపెనీలు చేసేది దాదాపు ఇదే. ఒక యంత్రాన్ని పెద్దగా నిలబెట్టి మిగతావాటిని దానికి సరిచేస్తాయి.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. పలకలకే వేడి అంటే గిట్టదు. ఎరుపు, నారింజ పలకల రంగు ఉష్ణోగ్రతతో మారుతుంది, చల్లబడితే మళ్లీ వెనక్కి వస్తుంది. మన ఎండాకాలంలో ఏసీ లేని గదిలో కొలిచి, చల్లటి గదిలో కొలిచిన అంకెతో పోల్చి యంత్రాన్ని తిట్టడం అన్యాయం. నూలు బట్టకు తేమ కూడా కలుస్తుంది, అందుకే బట్టల ప్రయోగశాలలు 65 శాతం తేమ ఉన్న గదిలో నమూనాను కొంతసేపు ఉంచిగాని కొలవవు. రెండో హద్దు, నున్నటి పలక మీద సరిపోయిన సవరణ మెత్తటి వెల్వెట్ మీదా, గరుకు కారం పొడి మీదా అంతే బాగా పనిచేస్తుందని హామీ లేదు. కారం పొడినైతే మెత్తగా విసిరినకొద్దీ పైరంగు లేతబడుతుంది. లోపలి వర్ణద్రవ్యం మాత్రం అంతే ఉంటుంది. కాబట్టి ఆస్టా విలువ ఒకటైనా ప్యాకెట్‌లో కనబడే ఎరుపు ఒకటి కావాలని లేదు.

అచ్చురంగంలో జరిగిన ఒక సంగతి వింటే ఈ పని ఎంత విస్తారమో తెలుస్తుంది. రంగు యంత్రాలు తయారుచేసే ఎక్స్‌రైట్ కంపెనీ 2006లో గ్రెటాగ్ మాక్‌బెత్‌ను తనలో కలుపుకుంది. రెండు కంపెనీల యంత్రాలకూ వేర్వేరు ప్రామాణిక వంశాలు. ఒకే కాగితం మీది ఒకే సిరాకు అవి చూపే అంకెల్లో తేడా వచ్చేది. 2010లో కంపెనీ ఎక్స్‌ఆర్‌జీఏ పేరుతో అన్నిటికీ ఒకే కొలమానం ప్రకటించింది. పాత అంకెల్ని కొత్త అంకెల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. అది మొదటి జాతి తేడా, అందుకే లెక్కతో తీరింది. కాగితంలో తెల్లదనం కోసం కలిపే రసాయనం మాత్రం లెక్కకు లొంగలేదు. ఆ రసాయనం అతినీలలోహిత వెలుగును మింగి నీలంగా వదులుతుంది. యంత్రం దీపంలో అతినీలలోహిత వెలుగు ఎంత ఉంటే కాగితం అంత తెల్లగా కనిపిస్తుంది. ఇది రెండో జాతి. అందుకని 2009 నాటి ఐఎస్‌ఓ 13655 ప్రమాణం ఎం0 నుంచి ఎం3 దాకా నాలుగు పరిస్థితులు పేర్లతో నిర్వచించి, అంకెతో పాటు పరిస్థితి కూడా రాయాలని చెప్పింది.

ఇదంతా కొత్తదేం కాదు. 1880లలో ఇంగ్లండులో జోసెఫ్ లొవిబాండ్ అనే బీరు తయారీదారు తన బీరు రంగును పోల్చుకోవడానికి రంగు గాజుల వరస తయారుచేశాడు. మన దేశంలో వేరుశనగ నూనె, నువ్వుల నూనె రంగును ఈనాటికీ ఆయన పేరుగల స్కేలు మీదే చెబుతారు. పసుపు గాజుల అంకెకు ఎరుపు గాజుల అంకెను ఐదు రెట్లు చేసి కలుపుతారు. ప్రమాణాల్లో ఆ అంకె పక్కన నూనెను ఎన్ని అంగుళాల గాజు పెట్టెలో పోసి చూశారో తప్పకుండా ఉంటుంది. లోతు పెరిగితే నూనె ముదురుగా కనిపిస్తుంది గదా. షరతు లేని అంకెకు అర్థం లేదని ఆ రోజుల్లోనే తెలుసు.

ఇక మీలో మిర్చి, నూలు, పెయింటు, నూనె వ్యాపారంలో ఉన్నవారు, ప్రయోగశాలల్లో పనిచేసే యువకులు గుర్తుంచుకోవలసినవి చెప్పి ముగిస్తాను. రంగు అంకె ఉన్న కాగితం చేతికి వస్తే నాలుగు సంగతులు వెతకండి. కొలిచిన పద్ధతి పేరు ఉందా? ద్రావణమైతే యంత్ర సవరణ గుణకం, బట్టా పెయింటూ అయితే వెలుగు, పరిశీలకుడు, మెరుపు సంగతి రాశారా? యంత్రాన్ని ఏ ప్రామాణికంతో ఎప్పుడు సరిచూశారో ఉందా? ఆ ప్రామాణికం గొలుసుకట్టుగా వెళ్లి ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల వంటి సంస్థను చేరుతుందా? ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ మండలి ఎన్‌ఏబీఎల్. దాని గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు ఈ గొలుసు చూపించడం తప్పనిసరి. ఇవన్నీ ఉండి కూడా రెండు అంకెలు కలవకపోతే, ముందు నమూనా ఒకటేనా అని చూడండి, తర్వాత యంత్రాన్ని అనుమానించండి.

ఒప్పందం రాసేటప్పుడే ఈ నాలుగూ రాయించుకోండి. సరుకు రేవు దాటాక తగువు వస్తే, ఇద్దరి మధ్య మాట్లాడవలసింది ఆ నాలుగు వరుసలే.